వెనక గది బూజు

జూన్ 5
ఫ్యాక్టరీ క్వార్టర్స్

ఇంటిని కనిపెట్టుకుని ఉన్న వదినగారికి,

ఉద్యోగం పేరుతో ఊరు దాటిన వదిన రాస్తున్నది. ఈ పిలుపే మనిద్దరికీ ఒక తలనొప్పి. మీ అన్నయ్యని కట్టుకున్నందుకు మీకు నేను వదినని, నాకంటే వయసులో పెద్దవారైనందుకు నాకు మీరు వదిన. పోస్ట్‌మాన్ విప్పి చదివితే ఎవరు ఎవరికి రాశారో తేలక జుట్టు పీక్కుంటాడు.

మొన్న ఫోన్‌లో పెనం గురించి మనం అరుచుకుంటుంటే మీ అన్నయ్య మధ్యలో ఫోన్ లాక్కుని, "ఇద్దరూ కాగితం మీద అరుచుకోండి, నా చెవులు పోతున్నాయి" అన్నారు కదా. ఆయన జీవితంలో ఇచ్చిన పనికొచ్చే సలహా ఇదొక్కటే. అందుకని రాస్తున్నాను. చదివి దాచుకోనక్కర్లేదు, చేస్తే చాలు.

ఇనప పెనాన్ని సబ్బు పెట్టి తోమకండి. వేడిగా ఉన్నప్పుడే గుడ్డతో తుడిచి, నాలుగు చుక్కల నూనె రాసి పెట్టండి. ఆ నునుపు రావడానికి నాకు పదేళ్ళు పట్టింది. బట్టల మిషన్ తలుపు వాడాక తెరిచే ఉంచాలి, లేకపోతే ఆ రబ్బరు చుట్టలో నల్లగా పట్టి కుళ్ళు కంపు కొడుతుంది. ఉన్ని దుప్పటి జోలికి పోకండి, వచ్చాక నేను చూసుకుంటాను. వెనక గదిలో బూజు ఉంది, అది తీయించండి. అది మాత్రం మర్చిపోకండి.

ఇక్కడ నా సంగతేముంది. కొత్త ఫ్యాక్టరీ, కొత్త పిల్లలు. కాలరు వంకరగా కుట్టి "సరిగ్గానే ఉంది కదా మేడమ్" అంటారు. చొక్కాల్లో తప్పులు వెతకడమే నాకు జీతం. ఇంటికొచ్చాక ఆ కళ్ళు తీసి పక్కన పెట్టమంటారు మీ అన్నయ్య. ఎక్కడ పెట్టాలో చెప్పరు. ఆగస్టు ఆఖరు దాకా ఇక్కడే.

మీ
చెకింగ్ వదిన


జూన్ 14
ఇల్లు

చెకింగ్ వదినగారికి,

మీ ఉత్తరం అందింది. విప్పితే ఉత్తరంలా లేదు, డ్యూటీ చార్టులా ఉంది. నేను బాగున్నానా అన్న ముక్క ఎక్కడైనా ఉందేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాను.

ఫోన్‌లో అరుపులే గానీ, పెనం సంగతి అర్థమయ్యేలా మీరు ఆలస్యంగా చెప్పారు. నల్లగా జిడ్డుగా ఉంటే చూడలేక ఇనప పీచుతో గంటసేపు తోమాను. కడిగిన గిన్నెలా తెల్లగా తేలింది. అన్నయ్య చూసి "కొత్తది కొన్నావా" అన్నాడు. మర్నాడు గుడ్డు వేస్తే పెనం నాది అని పట్టుకు కూర్చుంది. అట్లకాడతో గీకి గీకి చివరికి గుడ్డు మీద ఆశ వదులుకున్నాం. ఇప్పుడు పెనం అంతా ఎర్రగా తుప్పు. తిట్టదలచుకుంటే ఇప్పుడే తిట్టేయండి, రెండు ఉత్తరాలకు సాగదీయకండి.

వంటింటి పాలరాతి గట్టు మీద టీ మరక పోలేదని నిమ్మచెక్కతో రుద్దాను. మరక పోయింది. మెరుపు కూడా పోయినట్టుంది, వెలుతురులో పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది లెండి. మిషన్ తలుపు తెరిచి ఉంచితే ట్యూషన్‌కొచ్చే పిల్లలు అందులో తలలు దూరుస్తున్నారు, అందుకని మూసేశాను.

బూజు మాత్రం దులిపేశాను. పొడుగు చీపురు కట్టి, మూల మూలా. అన్నయ్య స్టూలు పట్టుకున్నాడు, సాలెపురుగు వాడి చొక్కాలో పడింది, స్టూలు వదిలేసి హాల్లోకి పరిగెత్తాడు. నేను కిటికీ ఊచ పట్టుకుని వేలాడాను. ఆ దుమ్ముకి దగ్గు ఇంకా ఎక్కువైంది. నేనుండే వెనక గదిలో ఇప్పుడు ఒక్క సాలెగూడు చూపించండి, ఈ ఇంట్లో చీపురు ముట్టుకుంటే ఒట్టు.

ఒక మాట అడగనా వదినా. ఇల్లు మీది. మూడేళ్ళ కిందట అత్తారింట్లో కాపురం చెడి రెండు పెట్టెలతో మీ గుమ్మంలో దిగినప్పుడు "కొన్నాళ్ళు" అన్నాను. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో మీరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అందుకే గట్టు మీద చిన్న మచ్చ పడినా నాకు గుండె దడగా ఉంటుంది. మీకది రాయి. నాకు అలా కాదు.

మీ
ట్యూషన్ వదిన


జూన్ 22
ఫ్యాక్టరీ క్వార్టర్స్

వదినగారికి,

పాలరాతి మీద నిమ్మకాయ రుద్దారా. ఎవరైనా రుద్దుతారా. పులుపు ఏదైనా సరే ఆ రాయిని తినేస్తుంది. అది మరక కాదు, గుడ్డ పెట్టి తుడిస్తే పోవడానికి. పైపొర పోయింది. ఇక రాతిపని మనిషిని పిలిచి పాలిష్ పట్టించాల్సిందే. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ, పొడిగుడ్డతో తుడవడం. ఇంతే కదా ఆ గట్టుకి కావలసింది. మనం మనుషులకి ఆ మాత్రం చెయ్యమా.

పెనం బాగుచేసుకోవచ్చు. తుప్పంతా గీకి కడిగి, పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఆరనివ్వండి. నూనె రాసి, రాసిన నూనె మళ్ళీ గుడ్డతో తుడిచేయండి, రాశామా లేదా అన్నంత పల్చగా ఉండాలి. పొగ వచ్చేదాకా కాల్చండి. చల్లారాక మళ్ళీ. నాలుగైదు సార్లు. విసుగొస్తుంది, అయినా చెయ్యాలి.

ఇక బూజు. తల బాదుకున్నాను. నేను బూజు అంటే మీరు చీపురు కట్టారు. క్వార్టర్స్‌లో నా పక్క మంచం ఆవిడ మీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. సాలెగూళ్ళ కోసం ఊరు కాని ఊరి నుంచి ఉత్తరం రాస్తానా. మీతో బూజు గురించి మాట్లాడి లాభం లేదు, ఆ పని ఎలా చేయించాలో నేనే చూసుకుంటాను.

మేనేజరు ఇవాళ మళ్ళీ ఒక లాటు చొక్కాలన్నీ వెనక్కి పంపాడు. నూనె మరకలట. మిషన్ నూనె పడితే వెంటనే సుద్దపొడి చల్లి వదిలెయ్యమని, పీల్చుకున్నాక దులపమని వందసార్లు చెప్పాను. ఆ పిల్లలు తడిగుడ్డ పెట్టి రుద్ది, చుక్కంత మరకని అరచేయంత చేశారు. ఇంట్లో మీరు, ఇక్కడ వీళ్ళు.

కాగితం అయిపోయింది, అంచున రాస్తున్నాను. వెనక గది నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి. మీ అన్నయ్యకీ చెప్పాను. ఇంక వాయిదా వద్దు.

మీ వదిన


జూలై 1
ఇల్లు

వదినగారికి నమస్కారాలు.

తమరి ఉత్తరం అందింది. విషయం అర్థమైంది.

పెనం తమరు చెప్పినట్టే ఐదుసార్లు కాల్చాను. వంటిల్లంతా పొగ చూరి పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. ఇప్పుడు నల్లగా ఉంది. గుడ్డు అంటుకోవడం లేదు. తమరు వచ్చేసరికి ఎలా వదిలి వెళ్ళారో అలాగే ఉంటుంది. మిషన్ రబ్బరు చుట్ట విప్పదీసి పళ్ళ బ్రష్‌తో లోపలి నలుపంతా తీశాను, తలుపు తెరిచే ఉంచుతున్నాను, పిల్లల్ని అటు పోనివ్వడం లేదు. పంపుల మీద తెల్లటి ఉప్పు పేరుకుంటే వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి ఉంచి తుడిచాను. గట్టు దరిదాపుల్లోకి ఆ సీసా తీసుకురాలేదు, తమరు కంగారు పడనక్కర్లేదు.

వెనక గది ఖాళీ చెయ్యమన్నారు. ఒకసారి అన్నయ్యని కూడా అడిగి చూద్దామనిపించింది. పేపరు చదువుకుంటున్నాడు. "వెనక గది ఖాళీ చెయ్యమందిరా వదిన" అన్నాను. పేపరు దించకుండానే "అవును, నాకూ చెప్పింది. చెయ్యాల్సిందేగా మరి. ఆదివారం నేనూ ఓ చెయ్యి వేస్తాలే" అన్నాడు. నా చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడికి దింపినవాడు. ఇప్పుడు నా సామాను మోయడానికి కూడా సెలవు రోజు చూసుకున్నాడు.

నెలాఖరు అన్నారు. నాకు రెండు వారాలు ఎక్కువ పట్టేలా ఉంది, క్షమించాలి. ఏర్పాట్లు చూసుకుంటున్నాను.

ఇట్లు
తమరి ఆడపడుచు


జూలై 8
ఫ్యాక్టరీ క్వార్టర్స్

వదినగారికి,

ఈ "తమరు", "నమస్కారాలు" ఏమిటి? గట్టు గురించి కేకలేసినందుకు అలిగారా? అలగండి. కానీ పెనం బాగుపడిందన్న మాటకి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పక్క మంచం ఆవిడకి కూడా చదివి వినిపించాను.

వెనక గది సంగతికి మీరు ఇంత తొందరగా ఒప్పుకుంటారని అనుకోలేదు. ఎన్ని సాకులు చెబుతారో, అన్నిటికీ జవాబులు రాసుకుని కూర్చున్నాను. ఏర్పాట్లు కూడా మీరే చూసుకుంటున్నారంటే నా నెత్తిన భారం దిగింది. నిజానికి ఈ పని మూడేళ్ళ కిందటే చెయ్యాల్సింది. మొహమాటపడి ఊరుకున్నాను, అది నా బుద్ధి తక్కువ.

రెండు వారాలు ఆలస్యమైనా పర్వాలేదు, కానీ చేసేది పూర్తిగా చెయ్యండి. ఒక్క వస్తువు కూడా అందులో ఉంచకండి. గోడకున్న మేకులు కూడా పీకించండి. ఖాళీ అయ్యాక కిటికీలు బార్లా తెరిచి పెట్టండి. ఆ గదిలోంచి ఒక వాసన వస్తుంది, మీకు అలవాటై తెలియడం లేదు గానీ హాల్లోకి కూడా కొడుతుంది. అది పోవాలి. మీ అన్నయ్య ఓ చెయ్యి వేస్తానన్నారంటే జాగ్రత్త. ఆయన ఓ చెయ్యి వేస్తే మనం ఇంకో రెండు వెయ్యాల్సి వస్తుంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఇస్త్రీ చేసిన చొక్కాలు కూడా చెమ్మ పీల్చుకుని మెత్తబడుతున్నాయి. మేనేజరు దానికీ నన్నే అంటాడు, వాన నేనే కురిపిస్తున్నట్టు.

ఉంటాను. మీ మాటతీరు మామూలుగా అయ్యాక రాయండి.

మీ వదిన


జూలై 17
మహిళా హాస్టల్, వార్డెన్ గది

వదినగారికి,

పైన అడ్రసు చూశారు కదా. ట్యూషన్‌కొచ్చే ఒకమ్మాయి వాళ్ళమ్మ ఈ హాస్టల్ నడుపుతుంది. ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలు ఉంటారు. వార్డెన్‌గా రమ్మని ఎప్పటినుంచో అడుగుతోంది, నేనే తోసిపుచ్చుతూ వచ్చాను. అన్నయ్య ఒంటరివాడైపోతాడని, మీరు ఏమనుకుంటారోనని. మొన్న వెళ్ళి వస్తానని చెప్పాను. ఉండటానికి గది ఇచ్చారు.

ఇక మీరు ఎలా మాట్లాడమంటే అలా మాట్లాడతాను. మామూలుగా అన్నారు కదా. మామూలుగానే చెబుతున్నాను, నాకు ఒళ్ళు మండిపోతోంది.

గది ఖాళీ చెయ్యమన్నారు. ఇల్లు మీది, అనే హక్కు మీకుంది. కాగితం అంచున, చోటు చాలక, పెనానికీ నూనె మరకలకీ తర్వాత రాయాల్సిన మాటా అది? అది కూడా మింగాను. తర్వాతి ఉత్తరంలో మూడేళ్ళ కిందటే చెయ్యాల్సింది, మొహమాటపడ్డాను అన్నారు. అంటే నేను పెట్టెలు దించిన రోజునే అన్నమాట. ఆ రోజు మీరు టీ పెట్టి ఇచ్చారు, నేను ఏడుస్తూ తాగాను. ఆ టీ ఇచ్చేటప్పుడు కూడా మనసులో ఇదే ఉందా? పోనీ అదీ మింగాను. వాసన అన్నారు చూడండి, అది మాత్రం మింగుడు పడలేదు. రోజూ రెండుపూటలా స్నానం చేసే మనిషిని. నా బట్టల పెట్టెలో కర్పూరం ఉండలు వేసుకుంటాను. హాల్లోకి కొట్టే వాసన నాదైతే మూడేళ్ళు ముక్కు మూసుకుని ఎలా కాపురం చేశారు?

ఆఖరి రోజు ఆ గది ఎలా కడిగానో మీరు చూడాల్సింది. నా మంచం, పుస్తకాలు బండిలో ఎక్కించాను. బీరువా మీదే కాబట్టి ఇద్దరు మనుషుల్ని పెట్టి హాల్లోకి జరిపించాను. మేకులు పీకాను, కన్నాలు సుద్దతో మూశాను. నేల తోమి కడిగి, వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా తుడుచుకుంటూ వచ్చి, నా పాదాల జాడ కూడా లేకుండా బయటపడ్డాను. కిటికీలు బార్లా తెరిచాను, మీరు చెప్పినట్టే. గోడ మీద ఏవో నల్లటి మచ్చలున్నాయి బీరువా వెనక, అవి రుద్దినా పోలేదు. అంతవరకు నన్ను అనవచ్చు.

అన్నయ్య "ఇంత ఉన్నట్టుండి ఎందుకే" అన్నాడు. "మీ ఆవిడనడుగు" అన్నాను. అడిగి ఉండడు. వాడు అడగడు.

ఇక ఉత్తరాలు అక్కర్లేదు.


జూలై 25
ఇల్లు

వదినా,

ఉత్తరాలు అక్కర్లేదంటే మానేస్తానా. మీ ఉత్తరం చదివి మేనేజరు మొహాన సెలవు చీటీ కొట్టి, రాత్రి బస్సుకే బయల్దేరాను. మీ గదిలో నేల మీద కూర్చుని రాస్తున్నాను. ఒంటి నిండా బ్లీచింగు కంపు.

మీరు మామూలుగా మాట్లాడారు, నేనూ మామూలుగానే మాట్లాడతాను. మీకు బుద్ధి ఉందా? ఖాళీ చెయ్యమంటే సామాను హాల్లోకి జరపమని. మంచం, బీరువా, పుస్తకాలు. మనిషిని కాదు. ఆ బీరువా వెనక గోడంతా బూజు పట్టింది. సాలెగూడు బూజు కాదు, చెమ్మకి పట్టే నల్ల బూజు. మీరు చీపురుతో దులిపింది వేరు, నేను తీయించమన్నది వేరు. మీరు రుద్దినా పోలేదన్న ఆ మచ్చలే. వాసన కూడా దానిదే. గది ఖాళీ చేస్తే గోడ గీకించి, మందు కొట్టించి, రంగు వేయించాలని నా ఏడుపు. రంగులు వేసేవాడితో మాట్లాడి ఉంచాను కూడా. ఏర్పాట్లు చూసుకుంటున్నానని మీరు రాస్తే వాడినే పిలిచారనుకున్నాను.

మీ అన్నయ్యని నిలబెట్టి అడిగాను. "బీరువా జరపడానికి చెయ్యి వేస్తానన్నాను, చెల్లెల్ని పంపడానికా" అని నా మీదే లేచారు. మరి పెట్టెలు సర్దుతుంటే నోరు ఏమైందంటే "ఉద్యోగం వచ్చిందని సంతోషంగా వెళ్తోంది అనుకున్నాను" అన్నారు. మీరు సంతోషంగా కనిపించారట. ఈయన్ని చూపించవలసింది కంటి డాక్టరుకే.

ఎందుకింత పట్టుబట్టానో వినండి. మే నెలలో నేను వెళ్ళేముందు మీరు దగ్గుతూ లేచి కూర్చునేవారు. వేసవిలో కూడా. అక్కడి ఫ్యాక్టరీ నర్సుతో మాటల్లో చెబితే, గోడకి బూజు ఉందేమో చూడు, ఆ గాలి పీలిస్తే దగ్గు తగ్గదు అంది. ఆ రోజు నుంచీ నాకు స్థిమితం లేదు. మూడేళ్ళ కిందటే చెయ్యాల్సింది అన్నదీ దీని గురించే, ఆ గోడకి చెమ్మ ఉందని తెలిసీ కష్టంలో వచ్చిన మనిషిని గదిలోంచి కదపడానికి మొహమాటపడ్డాను.

మీరు చేసినట్టు రుద్దితే అది పోదు, పొడి లేచి ముక్కులోకి పోతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, కిటికీలు తెరిచి, బ్లీచింగు నీళ్ళు పల్చగా కలిపి తడిపి, నానాక మెల్లిగా తీశాను. చేతులకు తొడుగులు వేసుకున్నాను. పక్కన ఇంకే సీసా పెట్టలేదు, ఆ నీళ్ళలో యాసిడ్ కలిస్తే ఊపిరాడదు. మీరు హాస్టల్లో ఆ అమ్మాయిలకి కూడా ఈ సంగతి చెప్పండి. బీరువా అంత మచ్చ. దాని పక్కనే మీ తల ఉండేది మూడేళ్ళూ. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఏది ముందు వచ్చిందో తెలియదు.

నన్ను అలా ఎలా అనుకున్నారు వదినా? ఒకే వంటింట్లో ఇన్నాళ్ళు తిరిగి, నేను మనిషిని కాగితం అంచున గెంటేస్తానని నమ్మారా? రంగు ఆరగానే మీ మంచం వేయిస్తాను. ఈసారి గోడకి ఆనించకుండా, జానెడు ఎడంగా. ఆ హాస్టల్ వాళ్ళకి చెప్పేసి వచ్చేయండి.

మీ వదిన


ఆగస్టు 3
మహిళా హాస్టల్, వార్డెన్ గది

వదినా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. బూజుకి చీపురు కట్టింది నేనే కదా. రెండోసారి సిగ్గేసింది. తర్వాత మళ్ళీ కోపమే వచ్చింది, అది ఎవరి మీదో సరిగ్గా తెలియలేదు. రెండు రోజులు దాని గురించే ఆలోచించాను, ఇక్కడ అమ్మాయిలు గీజర్ స్విచ్ ఆపలేదని వాళ్ళ మీద ఊరికే అరిచాను కూడా.

నన్ను అలా ఎలా అనుకున్నారు అని అడిగారు. చెబుతాను. అంచున ఆ మాట చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇదేమిటి అనిపించలేదు. వచ్చేసింది అనిపించింది. అంటే మూడేళ్ళూ ఆ మాట కోసమే చెవి ఒగ్గి కూర్చున్నానన్నమాట. మీరు పెనం అన్నా, గట్టు అన్నా, మిషన్ తలుపు అన్నా, నాకు దాని వెనక ఆ మాటే వినపడేది. మీరు అన్నారని కాదు. అనరని మీరు ఒక్కసారీ చెప్పలేదు. నేను అడగలేదు.

నా దగ్గు చూసి మీకు స్థిమితం లేకుండా పోయిందని ఇప్పుడు రాశారు. జూన్‌లో రాయాల్సింది వదినా. గోడ గురించి రాశారు, గది గురించి రాశారు, వాసన గురించి రాశారు. దగ్గు అన్న ఒక్క ముక్క రాసి ఉంటే, బూజు ఏదో, ఖాళీ ఏదో నాకు చెప్పకుండానే తెలిసేది. మీకు వస్తువుల మీదుగా తప్ప మనుషుల దగ్గరికి రావడం రాదు. నాకు మాట అడిగి తేల్చుకోవడం రాదు. మీరు "మీ అన్నయ్య" అనే మా అన్నయ్యకి పేపరు దించడం రాదు. ముగ్గురం కలిసి ఒక గోడని పాడుచేశాం.

ఇక్కడ దగ్గు తగ్గింది. నిజంగానే తగ్గింది. ఆ నర్సుకి చెప్పండి.

మంచం వేయించకండి, నేను రాను. అలిగి కాదు. కొంచెం అలిగే అనుకోండి, కానీ అదొక్కటే కాదు. ఈ గది చిన్నది. కిటికీ వీధిలోకి, పొద్దున్నే పాల బండి మోత. నేల నేనే తుడుచుకుంటాను, ఎలా తోస్తే అలా. మొన్న టీ ఒలికింది. చాలాసేపు తుడవకుండా అలాగే కూర్చున్నాను. గుండె దడ రాలేదు. అప్పుడు తెలిసింది, నేను ఇక్కడే ఉండాలని.

మీరు సెలవు ముగించుకుని వెళ్ళేలోపు ఆదివారం ఒకసారి వస్తాను. నా దగ్గర ఉన్న తాళంచెవి అన్నయ్యకి పంపేస్తున్నాను, అందుకని బెల్ కొడతాను. మీరే వచ్చి తలుపు తియ్యండి, వాడిని పంపకండి. ఆ ఇంట్లో నేను మూడేళ్ళు ఉన్నాను గానీ, పెట్టెలతో దిగిన రోజు హడావుడిలో మీరు గానీ అన్నయ్య గానీ నాతో ఒక మాట అనడం మర్చిపోయారు. తర్వాత ఇంట్లో మనిషినైపోయాను కదా, ఇంక ఎవరూ అనలేదు. వచ్చిన ప్రతివాళ్ళతోనూ మీరు ఆ మాట అంటుంటే వంటింట్లోంచి వినేదాన్ని. ఆదివారం తలుపు తీసి నాతో కూడా అనండి. "రండి వదినా, కూర్చోండి" అని.

మీ
వదిన